మూడు కేకలు

కార్తికేయకి జనాన్ని నవ్వించడం వచ్చు. కొంప ముంచింది అదే. గుడివాడలో ఇరవై ఏళ్లు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పినా రాని పేరు, అలవాట్ల మీద జోకులు వేయడం మొదలుపెట్టిన రెండేళ్లలో వచ్చేసింది. పళ్లు తోముకుంటూ ఫోన్ చూసే మగాడి గురించి, వీధి చివరిదాకా వెళ్లి గ్యాస్ కట్టేశానా లేదా అని వెనక్కి పరుగెత్తే ఇల్లాలి గురించి అతను చెబుతుంటే హాలంతా పొట్ట పట్టుకుని నవ్వేది. లైఫ్ కోచ్ అని కార్డు కొట్టించుకున్నాడు. కొట్టించుకోక ఏం చేస్తాడు, కూర్చోబెట్టి డబ్బులిస్తుంటే.

అతని సూత్రాలు మూడే. నిద్ర లేచాక మొదటి గంట ఫోన్ స్విచాఫ్. ఏ పనైనా ఐదు నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టి చేసెయ్యాలి, లెక్క మొదలెట్టాక ఎవరు పిలిచినా ఆగకూడదు. ఇక మూడోది, ఇరవై ఒక్క రోజుల్లో ఒక చాదస్తాన్ని వదిలించుకోవాలి. వదిలించుకున్న ప్రతిరోజూ వాట్సాప్ గ్రూపులో పచ్చ టిక్కు పెట్టాలి. గ్రూపులో నాలుగు వందల మంది ఉన్నారు.

మూడు వారాల కిందట, ఓ ఆదివారం మచిలీపట్నంలో మీటింగు పెడితే, కృత్తివెన్ను నుంచి వచ్చిన నాగమల్లేశ్వరి అనే ఆవిడ మైకు అందుకుంది. "నాకు ఏదైనా ఎదుటివాళ్లని మూడుసార్లు అడిగితే గానీ చేసే అలవాటు లేదండీ. అందరూ వెక్కిరిస్తారు."

"మీ ఆయన్ని పెళ్లికి కూడా మూడుసార్లు అడిగారా అమ్మా?" అన్నాడు కార్తికేయ. హాలు గొల్లుమంది. ఆవిడా నవ్వేసి, రేపటి నుంచే మానేస్తానని అందరి ముందూ చెప్పి కూర్చుంది.

పక్కన ఆవిడ పినతండ్రి కొడుకట, అవనిగడ్డలో ఉండే రత్నరాజు, అతనూ లేచాడు. "నాది మా అక్క కంటే ఘోరమండీ. బయల్దేరేముందు రెండుసార్లు చూసుకుంటే గానీ కదల్లేను."

"తాళంకప్ప ఎక్కడికీ పారిపోదండీ బాబూ," అన్నాడు కార్తికేయ. మళ్లీ నవ్వులు. మీరేం పని చేస్తారని ఇద్దర్నీ అడగలేదు. అడుగుతూ కూర్చుంటే జోకు చల్లారిపోతుంది మరి.

నాగమల్లేశ్వరి ఒక్కరోజు కూడా తప్పకుండా టిక్కు పెట్టింది. అలాంటి శిష్యురాలు దొరికితే ఊరుకుంటాడా? ఎల్లుండి ముగింపు మీటింగులో చూపించడానికి ఆవిడ మీద చిన్న వీడియో తీద్దామని పంతొమ్మిదో రోజున, శుక్రవారం, తెల్లవారుజామునే గుడివాడలో కారు తీశాడు. రత్నరాజు మాత్రం ఒక్క టిక్కూ పెట్టలేదు. నిన్న సాయంత్రం అతనికి వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. "చూసిందే మళ్లీ చూడటం ఏంటండీ? రేపు ఉదయం చూడకుండా బయల్దేరండి. ఏమవుతుందో నేనూ చూస్తా." బాగా చెప్పానని దారంతా మురిసిపోయాడు.

కృత్తివెన్ను దాటి చెరువుల్లోకి దిగే మలుపు దగ్గర టీ బడ్డీ ఉంది. సత్యవతమ్మ అనే పెద్దావిడ నడుపుతోంది. ఆరు కావస్తోంది. తూర్పున తెల్లబడింది గానీ ఎండ రాలేదు. టీ తీసుకుని దారి అడిగాడు.

"మూడు కేకల మల్లేశ్వరా? ఆ కనిపించే గట్టేనండీ. ఈమధ్య కేకలు వినపడట్లేదు గానీ, ఇదివరకు ఆవిడ కేకలతోనే నాకు తెల్లారేది."

"కేకలేంటండీ?"

"వాళ్లది రొయ్యల చెరువు గదండీ. నీళ్లు చిలికే చక్రాలుంటాయే, వాటి రెక్కలకి నాచు పట్టేస్తుంది. పొద్దున్నే మోటార్లు ఆపి వాళ్లాయన కోటేశ్వరరావు గుండెలోతు నీళ్లల్లోకి దిగి అదంతా పీకుతాడు. స్విచ్చి ఏమో ఇవతల గట్టు మీద షెడ్డులో. అక్కణ్ణుంచి మనిషి కనపడడు. అందుకని ఈవిడ 'వేస్తున్నా' అని మూడుసార్లు కేకేసి, ఆయన బయటికొచ్చి 'వెయ్' అన్నాకే నొక్కుతుంది. కరెంటు, పైగా ఇనప రెక్కలు. మనిషి అందులో ఉండగా నొక్కితే ఇంకేమన్నా ఉందా?"

కార్తికేయ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "మరి ఇప్పుడు?"

"ఎవరో గుడివాడాయన మానిపించాడటగా. ఐదంకెలు లెక్కెట్టి నొక్కేస్తోంది. పాపం ఆయనే టైము చూసుకుని ముందుగా బయటికొచ్చేస్తున్నాడు. నిన్న గాలికి నాచంతా ఆ మూలకే కొట్టుకొచ్చింది. ఇవాళ ఎంతసేపు పడుతుందో ఏంటో."

గ్లాసు బల్ల మీద పెట్టి నాగమల్లేశ్వరికి ఫోన్ చేశాడు. స్విచాఫ్. కోటేశ్వరరావు నంబరు సత్యవతమ్మ దగ్గరుంటే దానికీ చేశాడు. అదీ స్విచాఫే. మొగుణ్ణి కూడా దారిలో పెట్టేసింది కాబోలు, మహాతల్లి. టీ డబ్బులు ఇవ్వడం కూడా మరిచిపోయి కారెక్కాడు.

గట్టు మీద కారు ఒకపక్కకి జారుతూ పోయింది. ఎడమవైపు చెరువు, చక్రాలన్నీ ఆగి ఉన్నాయి. ఆ చివర చక్రం దగ్గర మనిషి తల, భుజాలు కనపడ్డాయి. రెండు చేతులూ రెక్కల మధ్యకి పెట్టి ఏదో బలంగా లాగుతున్నాడు. కుడివైపు షెడ్డు. తలుపు తీసే ఉంది. లోపల నాగమల్లేశ్వరి వీపు.

"అమ్మా, ఆగండి," అని అరిచాడు. గొంతు సగమే వచ్చింది. కారు వదిలేసి పరుగెత్తాడు.

"నాలుగు," అంటోంది ఆవిడ.

"ఆయన నీళ్లల్లోనే ఉన్నాడు, నొక్కొద్దు."

"మూడు," అంది. వెనక్కి తిరగలేదు. ఎందుకు తిరుగుతుంది? ఎవరు పిలిచినా ఆగొద్దని చెప్పిందెవరు? పిలుస్తున్నది కూడా ఆ గొంతే అని ఆవిడకేం తెలుసు? బురదలో అతని కాలు జారింది. మోకాళ్ల మీద పడ్డాడు. లేవబోయేసరికి "ఒకటి" కూడా అయిపోయింది. ఆవిడ వేలు పచ్చ మీట మీద పడింది.

ఏమీ జరగలేదు.

మళ్లీ నొక్కింది. మళ్లీ ఏమీ లేదు. "దిక్కుమాలిన కరెంటు, సరిగ్గా ఈ టైముకే తీసి చస్తారు," అని తిట్టుకుంటూ వెనక్కి తిరిగి, బురదలో కూర్చున్న కార్తికేయని చూసి కంగారు పడింది. "అయ్యో, సార్, మీరా? పడ్డారా?"

కార్తికేయ పాక్కుంటూనే వెళ్లి, షెడ్డు గోడకున్న మెయిన్ స్విచ్చి కిందికి లాగేసి దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంతలో కోటేశ్వరరావు నాచు మోపు భుజాన వేసుకుని తీరిగ్గా గట్టెక్కి, "సార్‌కి కొబ్బరి బొండాం కొట్టవే," అన్నాడు. విషయం చెప్పాక ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. కూలబడి మొగుడి తడి కాళ్లు రెండు చేతులా పట్టుకుంది. కార్తికేయకి ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు కూడా.

"నాది తప్పు తల్లీ. మీరేం పని చేస్తారని ఒక్కముక్క అడిగానా? రేపటి నుంచి మూడు కాదు, ముప్ఫై కేకలు వెయ్యండి."

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "మా రత్నరాజుక్కూడా ఓ మాట చెప్పండి సార్. నిన్న మీ మెసేజ్ విని వాడు తెగ సిగ్గుపడ్డాడు. ఇవాళ్టి నుంచి మానేస్తా అక్కా, మొదటి టిక్కు పెడతా అన్నాడు," అంది.

"అతనేం చేస్తాడమ్మా?"

"స్కూలు వ్యాను తోల్తాడండీ. సందుల్లో పిల్లల్ని ఎక్కించుకుని బండి వెనక్కి తిప్పేముందు రెండుసార్లు దిగి, చక్రాల కింద కూడా చూస్తాడు. చంటిపిల్లలు అక్కల వెనకే వచ్చేస్తారు గదా."

కార్తికేయ ఫోన్ తీసి రత్నరాజుకి చేశాడు. స్విచాఫ్.

"బండి ఎన్నింటికి తీస్తాడు?"

"ఆరింటికి లేచి ఆరున్నరకల్లా తీసేస్తాడండీ."

ఫోన్‌లో ఆరూ ఇరవై రెండు. రత్నరాజు మొదటి గంట ఏడింటికి గానీ పూర్తవదు.

"వాళ్లావిడ నంబరుందా?"

"ఝాన్సీదా? ఉందండీ." చెప్పబోయి ఆగిపోయింది. "అదీ మీ గ్రూపులోనే ఉంది సార్."

ఏ స్కూలో ఆవిడకి తెలీదు, ఏదో కాన్వెంటు. అవనిగడ్డలో తెలిసినవాళ్లకి చేస్తానని కోటేశ్వరరావు తన ఫోన్ కోసం ఇంటివైపు పరుగెత్తాడు. కార్తికేయ కారెక్కాడు. గట్టు ఇరుకు, కారు వెనక్కి తిప్పితేనే గానీ బయటపడలేడు. రివర్సు వేసి, మళ్లీ తీసేసి, దిగి వెనక్కి వెళ్లి చూశాడు. ఎక్కాడు. టైము పోతోందని తెలిసి కూడా మళ్లీ దిగి, వంగి చక్రాల కింద చూశాడు.