సోమవారాల కోట

బీజింగ్ ప్రయాణం మాట ఇంట్లో పుట్టిన రోజునుంచీ లాన్‌ఫెన్ తన గుర్తింపు కార్డును ఏప్రన్ జేబులోనే పెట్టుకు తిరుగుతోంది. అక్కడి రాజుల కోట చూసే టిక్కెట్టుకు ఆ కార్డు మీది నంబరు కావాలి. ఎప్పుడడిగినా తీసి ఇచ్చేలా ఉండాలని ఆవిడ తాపత్రయం. నాలుగు రోజులైనా ఎవరూ అడగలేదు.

మిగతావన్నీ మాత్రం అడుగుతున్నారు. ఎందుకంటే హెనాన్‌లోని ఆ చిన్న ఊళ్ళో, ఆ ఇంట్లో, బీజింగ్ ఎరిగిన మనిషి ఆవిడొక్కతే. కూతురు పెయ్‌లికి పదకొండేళ్ళప్పుడు వెళ్ళి, తొమ్మిదేళ్ళు పనిచేసి, మనవడు పుట్టే వేళకు తిరిగొచ్చింది. పెయ్‌లి కాగితం ముందేసుకుని మూడు రోజులకూ ప్లాను రాస్తోంది. మంగళవారం రాజుల కోట, బుధవారం మహాకుడ్యం, గురువారం బజార్లు. పక్కన ఆమె అత్తగారు హౌ కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు నేల మీద ఊస్తోంది. ఆ పొట్టు ఊడ్చేది లాన్‌ఫెనే. హౌకి నడుం నొప్పి. సాయంత్రం మైదానంలో గంటన్నర డాన్సు చేసేటప్పుడు మాత్రం ఆ నొప్పి కనబడదు.

"వదినగారూ, బాతు ఎక్కడ తినాలి? మీరు తిని ఉంటారుగా తొమ్మిదేళ్ళూ?" అంది హౌ.

"పెద్ద హోటళ్ళలో వద్దండీ. సందుల్లో బాగుంటుంది," అంది లాన్‌ఫెన్, కుడుములకు పిండి పిసుకుతూ.

ఆవిడ తిన్నది బాతు కాదు. పనిచేసిన ఇంటివాళ్ళు తినగా మిగిలిన ఎముకల పులుసు. బీజింగ్‌లో ఆవిడ చూసిందల్లా ఊరి చివర ఒక ఆరో అంతస్తు, మంచం పట్టిన ఒక ముసలామె, ఆమె మలమూత్రాల పళ్ళెం. వారానికొక్కసారి, సోమవారం మధ్యాహ్నం, ముసలామె కూతురు వచ్చి కూర్చునేది. ఆ రెండు గంటల్లో లాన్‌ఫెన్ కూరగాయలు తేవాలి, మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోను చెయ్యాలి. మొదటి సోమవారం పెయ్‌లి "ఎక్కడున్నావమ్మా?" అని అడిగింది. మెట్ల మీద ఉన్నానంటే పిల్ల ఏడుస్తుంది. "రాజుల కోటలో ఉన్నానే," అనేసింది. "నీ గొంతు అలా మోగుతోందేం?" అంటే, "రాజుల గదులు అంతేనే, ఎంత మాటకైనా మోగుతాయి," అంది. ఆ పూటకు పిల్ల నవ్వింది. ఒక అబద్ధం ఆడితే దానికి కాపలాగా వంద ఆడాలి. లాన్‌ఫెన్ తొమ్మిదేళ్ళు ప్రతి సోమవారం ఆడింది.

"ఇంత తిరిగారు, ఒక్క ఫోటో అయినా లేదే?" అంది హౌ.

"పాత ఫోను నీళ్ళలో పడిందండీ."

"ఫోనుతో పాటు కోట కూడా పడిందేమో!" హౌ పకపకా నవ్వింది. పెయ్‌లి నవ్వలేదు. తలెత్తి తల్లి వంక చూసి, మళ్ళీ రాసుకుంది.

లాన్‌ఫెన్‌కి ఆ చూపు కూడా తియ్యగానే అనిపించింది. ఆవిడ కోరిక పెద్దదేం కాదు. కూతురి పక్కన నడుస్తూ, కోటను మొదటిసారి చూస్తూ, ఇదిగో చెప్పానే ఇదే, అనాలి. అంటే అబద్ధమంతా ఒక్కరోజులో నిజమైపోతుంది. అందుకే మెత్తటి గుడ్డజోళ్ళు కూడా కొనుక్కుంది.

కోట టిక్కెట్లు సరిగ్గా వారం ముందు, రాత్రి ఎనిమిదింటికి వదులుతారు. నిమిషాల్లో అయిపోతాయి. అవి దొరికితేనే రైలు, బస. మంగళవారం భోజనాలు త్వరగా అయ్యాయి. అల్లుడు కింద ఊరివాళ్ళకొచ్చిన పార్సిళ్ళు ఇచ్చే కొట్టు మూసి పైకొచ్చాడు. ఎనిమిదికి పది నిమిషాలుండగా పెయ్‌లి ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, నీకు సెలవు ఏ రోజు ఉండేది?"

"సోమవారమేగా. ఎన్నిసార్లు చెప్పానే."

పెయ్‌లి ఫోను తల్లి ముఖం ముందుకి తెచ్చి చూపించింది. "కోటకీ సోమవారమే సెలవు. తలుపులే తియ్యరు. నువ్వక్కడ ఉన్న రోజుల నుంచీ అంతే."

లాన్‌ఫెన్ చేతిలో గిన్నె అలాగే ఉంది. కొళాయి నీళ్ళు పొర్లిపోతున్నాయి. పెయ్‌లే కట్టేసింది.

"ఎప్పుడు తెలిసింది?"

"శనివారం. ప్లాను రాయబోతే మొదటి లైన్లోనే కనబడింది. నువ్వే చెబుతావేమోనని మూడ్రోజులు చూశా. నువ్వు సందుల్లో బాతుల గురించి చెబుతున్నావు."

"మెట్ల మీద కూర్చునేదాన్నే," అంది లాన్‌ఫెన్. "నేనేదీ చూళ్ళేదు. నన్నూ తీసుకెళ్ళవే. ఒక్కసారి."

"నాకు కాదు. అవతలికొచ్చి అత్తయ్య ముందు చెప్పు. చెబితే నీ నంబరు కూడా ఎక్కిస్తా. ఇంకా ఆరు నిమిషాలుంది."

కన్నకూతురు అలా బేరం పెట్టింది. లాన్‌ఫెన్ చేతులు తుడుచుకుంది. హౌ ముందు తల దించడం కన్నా ఆ ముసలామె పళ్ళెం మరో తొమ్మిదేళ్ళు మొయ్యడం తేలిక. అయినా జేబులో కార్డు తడిమి చూసుకుని, ముందు గదిలోకి నడిచింది.

"వదినగారూ," అంది. "నేను బీజింగ్‌లో కోట చూళ్ళేదండీ. ఏమీ చూళ్ళేదు. అన్నీ అబద్ధాలే చెప్పాను."

హౌ గింజ కొరకడం ఆపింది. కాసేపు అర్థం కాలేదు, అర్థమయ్యాక ఆపుకోలేకపోయింది. "ఓరి నాయనోయ్! ఒరే అబ్బాయ్, విన్నావా? మా డాన్సు జట్టులో అందరికీ చెప్పానురా, మా వియ్యపురాలు రాజుల కోటలో వారం వారం షికారు చేసిందని! మరి ఆ తొమ్మిదేళ్ళూ ఏం చేశారు వదినగారూ?"

"ముసలామెకి ఎత్తిపోశాను."

హౌ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అల్లుడు గోడకేసి చూశాడు. మూడేళ్ళ మనవడు డౌడౌకి ఏమీ తెలియకపోయినా నాయనమ్మ నవ్వుతోందని చప్పట్లు కొట్టాడు. లాన్‌ఫెన్ సిగ్గుతో చచ్చిపోయింది. కానీ చెప్పేసింది. ఇంక కార్డు తీసి కూతురి ముందు బల్ల మీద పెట్టింది.

ఎనిమిదైంది. పెయ్‌లి వేలు టకటకా ఆడింది.

"దొరికాయి," అంది. "నాలుగూ దొరికాయి."

లాన్‌ఫెన్ లెక్కపెట్టుకుంది. పెయ్‌లి, అల్లుడు, హౌ, డౌడౌ. "మరి నాది?"

"అందరం పోతే కొట్లో పార్సిళ్ళు ఎవరిస్తారు?"

"చెబితే ఎక్కిస్తానన్నావు కదే!"

"నువ్వూ అనేదానివి, కొత్త సంవత్సరానికి వస్తానని. ఏడుసార్లు అన్నావు," అంది పెయ్‌లి. గొంతు పెంచలేదు. "కొత్త చొక్కా వేసుకుని బస్సుల దగ్గర నిలబడేదాన్ని. అమ్మేదే అని బళ్ళో అడిగితే, మా అమ్మ కోటలో ఉంది, అందుకే రాదు అనేదాన్ని. నాకన్నా కోటే బాగుందేమో నీకు అనుకున్నా. మెట్ల మీద ఏడుస్తున్నానని ఒక్కసారి చెప్పి ఉంటే, నేనూ ఇక్కడ ఏడుస్తున్నానని చెప్పేదాన్ని."

లాన్‌ఫెన్ బల్ల మీది కార్డు తీసి మళ్ళీ జేబులో వేసుకుని, నేల మీది పొట్టు ఊడవడానికి చీపురు అందుకుంది.

సోమవారం తెల్లారకుండానే లేచి దారిలో తినడానికి టీ ఆకులతో గుడ్లు ఉడికించి కట్టింది. కొత్త గుడ్డజోళ్ళు హౌకి సరిపోయాయి. నడకకి మెత్తగా ఉంటాయని ఆవిడే అడిగి వేసుకెళ్ళింది.

మంగళవారం మధ్యాహ్నం కొట్లో హౌ డాన్సు జట్టు ఆడమనిషి ఒకామె పార్సిలు కోసం నిలబడి ఉంది. అంతా విన్న మొహమే. పెదవి బిగబట్టి నవ్వుతోంది. లాన్‌ఫెన్ నంబరు వెతుకుతుండగా ఫోను మోగింది.

"అమ్మా, కోటలో ఉన్నాను," అంది పెయ్‌లి.

"ఎలా ఉందే?" లాన్‌ఫెన్‌కి ఆశ చావలేదు.

"ఎండగా ఉంది. విను."

లాన్‌ఫెన్ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. వేలమంది అడుగులు, ఎవరిదో మైకు, నీళ్ళకోసం డౌడౌ ఏడుపు వినబడ్డాయి.

"వినబడిందా?"

"ఏమిటే?"

"నేనిక్కడ అరిచి చూశానమ్మా," అంది పెయ్‌లి. "గొంతు మోగదు."

లాన్‌ఫెన్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడింది. చాలాసేపటికి, ఫోను ఎప్పుడో పెట్టేశారని, పార్సిలు కోసం నిలబడ్డ ఆవిడే చెప్పింది.