రాళ్లు లేని కందిపప్పు

రెండో చాటెడు కందిపప్పు చెరుగుతుండగా మైకు కట్టిన రిక్షా మళ్లీ వచ్చింది. చాయపత్తి పొట్లం కొంటే స్టీలు గ్లాసు ఉచితమని అరుస్తూ మానుకోట స్టేషన్ రోడ్డంతా తిరిగి, సరిగ్గా రామ్మోహన్ కిరాణా దుకాణం ముందే కాసేపు ఆగింది. సోమక్క చాట ఆపి రిక్షా వంక అనుమానంగా చూసింది. ఊరికే ఎవరు గ్లాసిస్తారు?

అది ఎనభై నాలుగు ఎండాకాలం. భర్త చనిపోయిన ఏడు సోమక్క ఈ పనిలో చేరింది. చేరి ఇరవై ఏళ్లు దాటింది. పప్పు చెరగడం, రాళ్లేరడం. బక్కపలచని మనిషి. వేళ్ల చివర్లు అరిగి నున్నబడ్డాయి. కనుబొమల మీద ఎప్పుడూ సన్నటి పొట్టు. "సోమక్క ఏరిందేనా?" అని అడిగి కొనేవాళ్లు తండాల నుంచి కూడా వచ్చేవారు. రామ్మోహన్ వాళ్లను బల్ల మీద కూర్చోబెట్టి, ఇంటి సంగతులడిగి, తూచాక పిడికెడు కొసరు వేసేవాడు.

నెల కింద ఎదురుగా విద్యాసాగర్ కొత్త దుకాణం తెరిచాక ఆ బల్ల ఖాళీ అయింది.

"జర పోయి చూసిరా సోమక్కా," అన్నాడు రామ్మోహన్. "పప్పు పొట్లమొకటి పట్టుకరా. అండ్ల ఏం కలుపుతుండ్రో తేల్చాలె."

అక్కడ బేరం లేదు, పలకరింపు లేదు. బుట్ట చేతికిచ్చి, "ఏం గావాల్నో నువ్వే తీస్కో అవ్వా" అన్నారు. అరల నిండా మూతి అంటించిన ప్లాస్టిక్ పొట్లాలు. పిల్లల చేతికందే ఎత్తులో బిస్కెట్లు. ఎవరైనా వెనకే వస్తున్నారేమోనని సోమక్క రెండుసార్లు తిరిగి చూసింది. ముట్టుకోనియ్యకుండా అమ్మే పప్పులో ఏదో మోసం ఉండే తీరాలి.

తెచ్చి చాటలో పోసింది. వేళ్లతో పరిచింది. ఎండలోకి జరిగి మళ్లీ చూసింది. నాలుగు పలుకులు నోట్లో వేసుకుని కొరికింది. ఒక్క రాయి లేదు. మిషన్ జల్లెడ పట్టిన పప్పు. తను ఏరినా ఇంత శుభ్రంగా రాదు. ఆమె చేతులు చాట మీద అలాగే ఉండిపోయాయి.

రామ్మోహన్ నమ్మలేదు. "సరిగ చూసినవా? వాండ్లు నీకేమన్న ఇచ్చిండ్రా?"

"నాకేమిస్తరు సేటూ."

అతను చాటను తన వైపు లాక్కున్నాడు. తర్వాత, పొద్దున ఆమె ఏరి పక్కన పోసిన రాళ్లలోంచి కొన్ని తీసి ఆ పప్పులో కలిపాడు. "మనోళ్లొస్తె గిది చూపియ్యి. నువ్వు చెప్తె నమ్ముతరు."

సోమక్క తమలపాకు చేతిలోకి తీసుకుంది. సున్నపు డబ్బీ తీసి ఆకుకు సున్నం రాస్తుండగా, తండా నుంచి ఎప్పుడూ వచ్చే రుక్కి మెట్లెక్కింది.

"అక్కా, ఎదురుంగ పొట్లం చవుకంటున్నరు. మంచిదేనా?"

రామ్మోహన్ చాటను ముందుకు జరిపాడు. రుక్కి రాళ్లను చూసి, సోమక్క వైపు చూసింది.

"గవి మా రాళ్లు రుక్కీ," అంది సోమక్క. "వాండ్ల పప్పుల రాయి లేదు."

రామ్మోహన్ ముఖం నల్లబడింది. "అయితె రేపటి సంది వాండ్లకాడనే ఏరుకో పో!"

అక్కడ ఏరడానికేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

సోమక్క లేచి ఒంటి మీది పొట్టు దులుపుకుంది. కొంగు తల మీదికి లాక్కుని, రెండు దుకాణాల వైపూ చూడకుండా ఎండలో నడిచి పోయింది. ఆమె కూర్చున్న చోట సున్నపు డబ్బీ మూత తెరిచే ఉంది. తెల్లటి సున్నంలో వేలి గీత ఇంకా ఆరలేదు.