ఇరవయ్యోవాడు

నత్త అన్న పేరు అతనికి టైర్లు మార్చేవాళ్లు పెట్టారు. కారు బయట ఉన్నంతసేపు అతని పని ఏదీ ఒక పట్టాన తెమలదు. బూట్ల లేసులు కట్టుకోవడం మొదలుపెడితే పక్కవాళ్లు టీ తాగి వచ్చేవాళ్లు. కారులో కూర్చోబెడితే మాత్రం వేరే మనిషి. జట్టు ఇచ్చే అంతంతమాత్రపు కారుతోనే పెద్ద పెద్ద జట్ల డ్రైవర్లకు ముచ్చెమటలు పట్టించేవాడు.

ఆ స్థాయి కార్ల పందేల్లో మొత్తం ప్రపంచానికి ఉన్నవి ఇరవై కార్లే. అందులో ఒకటి మూడేళ్లుగా నత్తది. నాలుగో ఏడు మొదలవుతుండగా మేనేజరు అతన్ని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"నువ్వంటే నాకు ప్రాణం," అన్నాడు మేనేజరు.

ఇలా మొదలైన మాటలు ఎక్కడ తేలతాయో నత్తకు తెలుసు. నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పాత స్పాన్సరు చేతులెత్తేశాడు. కొత్తాయన దొరికాడు. పరుపులు తయారుచేస్తాడు. సీజను ఖర్చంతా తనే పెట్టుకుంటానంటున్నాడు. బదులుగా ఒక్కటే అడిగాడు."

"వాళ్లబ్బాయా?"

"వాళ్లబ్బాయే."

"నడపగలడా?"

మేనేజరు కాసేపు ఆలోచించాడు. "లైసెన్సు ఉంది," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "నువ్వు మాత్రం ఎక్కడికీ పోవద్దు. రిజర్వు డ్రైవరుగా ఉండు. సిమ్యులేటరు మీద పని చూసుకో. ఆ అబ్బాయికి నాలుగు మాటలు చెప్పు."

"ఏం మాటలు?"

"అవే. బ్రేకు ఎక్కడ వేయాలి, లాంటివి."

నత్త ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే ఏం చేయాలో తోచలేదు. మిగతా పంతొమ్మిది సీట్లూ నిండి ఉన్నాయి. అతనికి చేతనైన పని ఇంకెక్కడా దొరకదు.

కొత్త కుర్రవాణ్ని అందరూ చినబాబు అని పిలిచేవాళ్లు. పొడుగ్గా, నెమ్మదిగా, ఎదుటివాళ్లకు ఎక్కడ ఇబ్బంది కలుగుతుందోనన్నట్టు ఉండేవాడు. వచ్చిన మొదటి రోజే అతనికి సీటు తయారుచేశారు. ఈ కార్లలో సీటు బజారులో కొని బిగించేది కాదు. డ్రైవరును కారులో కూర్చోబెట్టి, వీపు వెనక సంచిలో నురగ పోస్తారు. అది ఉబ్బి, అతని ఒంటి ఆకారంలోనే గట్టిపడుతుంది. నత్త వీపు ఆకారంలో ఉన్న పాత సీటును అప్పటికే తీసి, రంగు డబ్బాల పక్కన గోడకు చేరేశారు.

"అన్నా, అది మీదే కదా?" అన్నాడు చినబాబు కారులోంచి.

"అవును."

"ఏమనాలో తెలీడం లేదన్నా."

"ఏమీ అనకు. కదలకుండా కూర్చో, నురగ పోస్తున్నారు."

నురగ గట్టిపడ్డాక మెడ కింద కాస్త ఎత్తుగా ఉందన్నాడు చినబాబు. పరుపుల ఇంట్లో పుట్టినవాడు, ఆ విషయంలో కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మళ్లీ పోశారు. వారం తిరిగేలోగా కారు రంగు కూడా మారింది. గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే బండి ముక్కు మీద 'హాయిగా పడుకోండి' అని రాయించారు.

చినబాబు హాయిగానే నడిపాడు. ఎవరినీ గుద్దలేదు, ఎవరికీ అడ్డు రాలేదు. ప్రతి పందెంలోనూ చివర వచ్చాడు. పందెం అయ్యాక నత్త అతని పక్కన కూర్చుని, కంప్యూటరు మీద గీతలు చూపించి, ఎక్కడెక్కడ తొందరపడి బ్రేకు వేశాడో చెప్పేవాడు.

"నీకు భయం లేదు. కానీ ఇంకా ముందుకెళ్లినా కారు ఆగుతుందని నీ కాలు నమ్మడం లేదు."

"కాలికి ఎలా చెప్పాలన్నా?"

"నేను రోజూ చెబుతూనే ఉన్నా. అది వినడం లేదు."

చినబాబు ఆ మాట కాగితం మీద రాసుకోబోయి ఆగిపోయాడు. నత్తకు అతని మీద కోపం తెచ్చుకోవాలని ఉండేది. ఎంత ప్రయత్నించినా వచ్చేది కాదు. అతని మీద రాని కోపమంతా ఇంటికెళ్లాక అన్నం కంచం మీదా, తలుపుల మీదా చూపించేవాడు.

పందేలు లేని వారాల్లో అక్క దగ్గరకు వెళ్లేవాడు. అక్కది డ్రైవింగ్ స్కూలు. నేర్పేవాళ్లు చాలనప్పుడు తమ్ముణ్ని కూర్చోబెట్టేది. ఒకసారి, మందుల షాపు నడిపి మానేసిన పెద్దావిడ ఒకామె నేర్చుకోవడానికి వచ్చింది. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"ఈ పని కాక ఇంకేం చేస్తుంటావు బాబూ?"

"డ్రైవర్నండీ."

"ఎవరి దగ్గర?"

"పరుపుల కంపెనీలో."

"మంచిదే. మెత్తటి సరుకు. దారిలో పగిలేదేమీ ఉండదు."

నత్తకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు, ఆ తర్వాత కూడా చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు. పెద్దావిడ కంగారుపడి బండి పక్కకు ఆపింది. ఆవిడ అంత బాగా బండి ఆపడం అదే మొదటిసారి.

"వదిలేసి వచ్చేయరా," అంది అక్క ఆ సాయంత్రం. "ఇక్కడ నీకేం లోటు?"

"ఇక్కడ అందరూ మెల్లగా పోతారక్కా."

"నువ్వు నేర్పేవాడూ మెల్లగానే పోతున్నాడని టీవీలో చెబుతున్నారుగా."

నత్త వంగి బూట్ల లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

సీజను సగంలో చినబాబుకు అపెండిసైటిస్ వచ్చింది. శనివారం ఆసుపత్రిలో చేర్చారు. ఆదివారం పందెం. గోడకు చేరేసిన పాత సీటు తీసి, దుమ్ము దులిపి బిగించారు. ఆ రోజు పొద్దుటి నుంచీ వాన. నత్త చిట్టచివరి నుంచి బయలుదేరాడు. నీళ్లలో మిగతా అందరూ యాక్సిలరేటరు మీద నుంచి కాలు ఎత్తే చోట ఇతను ఎత్తలేదు. ఒక్కొక్కరినే దాటుకుంటూ అయిదో స్థానంలో వచ్చాడు. ఆ జట్టు పుట్టాక ఎన్నడూ అంత పైకి రాలేదు. మేనేజరు ఏడ్చాడు. టైర్లవాళ్లు ఒకరినొకరు ఎత్తుకున్నారు.

కారు వచ్చి ఆగింది కానీ నత్త దిగలేదు. అతని సంగతి తెలిసిందే కదా అని అందరూ నవ్వుతూ నిలబడ్డారు. హెల్మెట్ లోపల అతను నవ్వడం లేదు. దిగితే మళ్లీ ఎప్పుడెక్కుతానో అనుకుంటూ, బెల్టులు విప్పకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఇంజనీరు వంగి, మెల్లగా బకిల్ విప్పాడు.

ఆ సాయంత్రం పరుపులాయన నత్తను తన హోటలు గదికి పిలిపించాడు. పొట్టి మనిషి. ఎక్కడికి వెళ్లినా ముందు మంచం మీద అరచేత్తో నొక్కి చూసే అలవాటు. అప్పుడూ నొక్కుతూనే ఉన్నాడు.

"ఈ రోజు నీ పందెం చూశాను. నాకు కార్ల గురించి ఏమీ తెలియదు. అయినా నాకే అర్థమైంది నువ్వెలాంటివాడివో. నిజం చెప్పు. మావాడు ఎలాంటివాడు? మేనేజరును అడిగితే బ్రహ్మాండం అంటాడు. ఆయన నా డబ్బు తింటున్నాడు కాబట్టి అలాగే అంటాడు."

జీతం తనకూ అక్కడి నుంచే వస్తోందని నత్తకు గుర్తొచ్చింది. అయినా ఇంత కాలానికి ఎవరో నిజం అడిగారు. చెప్పేద్దామనుకున్నాడు.

"చినబాబు మంచి డ్రైవరండీ. రోడ్డు మీద ఎవర్ని తీసుకొచ్చి పోటీ పెట్టినా గెలుస్తాడు. కానీ ఇక్కడున్నది ఇరవై మంది. ఆ ఇరవై మందిలో అతను ఇరవయ్యోవాడు. ఎంత నేర్పినా ఇరవయ్యోవాడే."

పరుపులాయన మంచం మీద నుంచి చెయ్యి తీశాడు. తను మరీ కటువుగా మాట్లాడానేమో అనుకున్నాడు నత్త.

"ప్రపంచం మొత్తంలోనా?"

"అవునండీ."

"ప్రపంచం మొత్తంలో మావాడు ఇరవయ్యోవాడా!" ఆయన కళ్లు చెమర్చాయి. "బాబూ, ముప్పై ఏళ్లుగా ఒళ్లు హూనం చేసుకుంటున్నాను. పరుపుల్లో నేనింకా ప్రపంచంలో నలభై ఒకటి."

వెంటనే ఫోను తీసి ఇంటికి చేశాడు. ఆ రాత్రికే ఆసుపత్రి గది నిండా పూలు చేరాయి. తర్వాతి పందేనికి చినబాబు కుట్లతోనే వచ్చి కారెక్కాడు. నత్త సీటు మళ్లీ గోడ దగ్గరకు చేరింది.

"నా గురించి ఏం చెప్పారన్నా నాన్నతో?" అన్నాడు చినబాబు. "వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు."

"నిజమే చెప్పాను."

"ఇంకోసారి చెప్పకండి."

సీజను ముగిసిన వారానికి పరుపులాయన నత్త ఇంటికి ఊడిపడ్డాడు. చెప్పులు గుమ్మంలో విసిరేసి, సోఫాలో కూలబడ్డాడు. సోఫా నొక్కి చూడలేదు. జరిగింది మామూలు విషయం కాదని నత్తకు అప్పుడే అర్థమైంది.

"మావాణ్ని తీసేశారు! ఎవడో ఓడల కంపెనీవాడట. కూతురికి సీటు కావాలన్నాడట. నేనిచ్చినదానికి రెండింతలు పడేశాడు. అయిపోయింది. కాదయ్యా, నేనడుగుతాను, ఈ ఆటలో ప్రతిభకు విలువ లేదా? కష్టపడి పైకొచ్చిన కుర్రాడు, ఒక్కసారి కూడా ఎవర్నీ గుద్దనివాడు! డబ్బుంటే ఎవరైనా వచ్చి సీటు లాక్కోవచ్చా?"

నత్త ఆయనకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. తేవడానికి ఎప్పటికన్నా ఎక్కువసేపే పట్టింది. వంటింట్లో నిలబడి మొహం సరిచేసుకోవాల్సి వచ్చింది.

"చాలా అన్యాయమండీ," అన్నాడు బయటికొచ్చి.

"నువ్వొక్కడివే అర్థం చేసుకున్నావు," అన్నాడు పరుపులాయన. గ్లాసు ఖాళీ చేశాక అసలు సంగతి చెప్పాడు. సుదూర పందేలని ఉన్నాయట. రోజంతా నడిపేవి. ఒకే కారును డ్రైవర్లు మార్చుకుంటూ నడుపుతారు. ప్రతి కారులోనూ ఆరితేరినవాడు ఒకడు, సరదాకు నడిపేవాడు ఒకడు ఉండాలని నియమం. కారు తాను కొంటాడు. చినబాబు అడిగింది ఒక్కటే, తోడు నత్త అన్న ఉండాలని.

"వాడే అడిగాడా?"

"వాడే. సరదాకు నడిపేవాడు తనేనట. నాకు నచ్చలేదు గాని, నియమం కదా."

ఇరవై కార్ల పందేల్లోకి ఇక తిరిగి వెళ్లలేనని నత్తకు ఆ క్షణాన తేలిపోయింది. ఒకసారి ఇటు దిగినవాణ్ని అటు పిలిచేవాళ్లు ఉండరు. కానీ రిజర్వు కుర్చీలో కూర్చుని ఓడలాయన కూతురికి బ్రేకు పాఠాలు చెప్పడం కూడా కళ్ల ముందు మెదిలింది.

"సరేనండీ," అన్నాడు.

మొదటి పందెంలో ఒక వింత జరిగింది. చినబాబు ఎంతసేపు నడిపినా అలిసిపోయేవాడు కాదు. వేగం పెరగదు, తగ్గదు, తప్పు జరగదు. మిగతా జట్లలో సరదారాయుళ్లు ఒక్కొక్కరే అదుపు తప్పి గడ్డిలోకి పోతుంటే, ఇతని బండి ఒకే తీరుగా తిరిగి వచ్చేది. పరుపులాయన ఎండలో గొడుగు కూడా లేకుండా నిలబడి ప్రతిసారీ చప్పట్లు కొట్టాడు.

మధ్యాహ్నం చినబాబు కారు లోపలికి తెచ్చి ఆపాడు. చెమటతో తడిసి ముద్దయి దిగి, నత్తను ఎక్కించి, అతని బెల్టులు తనే బిగించాడు.

"అన్నా, వంతెన తర్వాత మలుపులో ఎవడో ఆయిల్ పోశాడు. లోపలి వైపు నుంచి వెళ్లండి, అక్కడ పట్టు ఉంది."

నత్త తలూపాడు. ఏడాదిలో చినబాబు అతనికి చెప్పిన మొదటి పాఠం అది. పనికొచ్చే పాఠమే. ఇంజను అందుకుంది. ముందు ముప్పై కార్లున్నాయి, సాయంత్రం దాకా సమయముంది. నత్త యాక్సిలరేటరు నొక్కాడు.