వీరభద్రప్ప అనే వీరబాబు

భర్త పోయిన ఐదు నెలల్లో తనూజ తాలూకా ఆఫీసుకు వెళ్లడం అది తొమ్మిదోసారి. రాయచూరు జిల్లా జవళగేరలో కాలవ కింద ఉన్న మూడెకరాలకు పౌతి చేయించాలి. అంటే భూమి రికార్డు పహణీలో చనిపోయినవాడి పేరు తీసి వారసుల పేర్లు ఎక్కించాలి. మరణపత్రం, వంశవృక్షం, కూతురు ధనశ్రీ సంతకం, అన్నీ పట్టుకెళ్లింది. గుమాస్తా వాటిని తిరగేసి పక్కన పెట్టాడు.

"పోయింది వీరబాబు. పహణీలో ఉన్నది వీరభద్రప్ప. ఈయనెవరమ్మా?"

"ఇద్దరూ ఒకరేనండి. మా ఆయనే."

"నువ్వు చెప్తే చాలదు. పొలం అమ్మినోళ్లు వచ్చి ప్రమాణపత్రం ఇయ్యాల."

అమ్మిన శేషయ్యకు వీరబాబు అనే పేరు నోరు తిరగలేదు. తను పిలిచే వీరభద్రప్ప పేరే పత్రంలో రాయించాడు. వలస వచ్చిన కొత్తలో వీరబాబుకు కన్నడ చదవడం రాదు, సంతకం పెట్టేశాడు. తరవాత తెలిసినా "పొలం మనదేగా" అని నవ్వేసి ఊరుకున్నాడు. ఆ నవ్వు గుర్తొచ్చి మొదట్లో తనూజకు కోపం వచ్చేది, ఆ వెనకే ఏడుపొచ్చేది. ఈమధ్య రెండూ రావడం లేదు. మోకాళ్ల నొప్పి మాత్రం వస్తోంది.

శేషయ్య ఎప్పుడో పోయాడు. భార్య బసవమ్మ కొడుకు దగ్గర మట్మారిలో ఉంటోంది. రెండు బస్సులు మారి తనూజ అక్కడికి చేరేసరికి మధ్యాహ్నమైంది. కొడుకు గోవిందప్ప విషయం విని గడపలోనే ఆపాడు.

"మా నాయిన అమ్మింది వీరభద్రప్పకు గదక్కా. వీరబాబు ఎవరో మాకేం ఎరుక? వకీలునడగాలె."

వాదించే ఓపిక ఆమెకు లేదు. "కాసిని మంచినీళ్లిప్పించు బాబూ" అని అరుగు మీద కూలబడింది.

బసవమ్మే చెంబుతో వచ్చి పక్కన కూర్చుంది. "ఎట్ల పోయిండు బిడ్డా?"

తనూజ ఆమె వంక చూసింది. ఇన్నాళ్లూ అందరూ మరణపత్రం అడిగారు గాని, ఈ మాట ఎవరూ అడగలేదు.

"ఎరువు జల్లుతూ గట్టు మీద పడిపోయాడు అవ్వా. నేను అన్నం తీసుకెళ్లేసరికే అయిపోయింది."

ముసలామె చెంబు ఆమె చేతికిచ్చింది. "నాకు జ్వరమొస్తే బండి కట్టి దవాఖానకు తోలుకపోయిండు. తొవ్వ పొడుగునా వీరభద్రప్పా అనే పిలిచిన. పలికిండు. రేపు పొద్దుగాల వస్త, పా."

"వేలిముద్ర ఏసినవంటే ఈ ఇంట్ల అడుగు పెట్టకు" అన్నాడు గోవిందప్ప.

"ఇల్లు నా పేరు మీదున్నదిరా."

మర్నాడు వకీలు గుమాస్తా కన్నడంలో రాసిన ప్రమాణపత్రం చదివి వినిపించాడు. బసవమ్మ వేలిముద్ర వేసి, సిరా మరక చీరకొంగుకు తుడుచుకుంది. బస్టాండులో చాయ్ తాగుతూ తనూజ అడిగింది, "గోవిందప్ప నీతో మాట్లాడతాడా అవ్వా?"

"ఆకలైతే మాట్లాడతడు."

ముప్పై రోజుల నోటీసు గడువు గడిచింది. గోవిందప్ప అభ్యంతరం వెయ్యలేదు. కొత్త పహణీ చేతికొచ్చిన రోజు ఏడుపొస్తుందేమో అనుకుంది తనూజ. ఏమీ రాలేదు. కాగితం సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్లడానికి జవళగేర మీదుగా పోయే రాయచూరు బస్సెక్కి, కిటికీకి తల ఆనించింది.

కండక్టరు భుజం తట్టి లేపాడు. "జవళగేర ఎప్పుడో దాటిపోయిందమ్మా."

దిగి, రోడ్డు దాటి, వెనక్కెళ్లే బస్సు కోసం రాయి మీద కూర్చుంది.