ఐదో తరగతి బోర్డు మీది మాట

బడి విడిచే ముందు బోర్డు తుడవడానికి ఐదో తరగతి పిల్లలు పోటీ పడతారు. ఆ గదిలో బోర్డు మీద రాసిన మాట, అర్థం నిజంగా బుర్రకెక్కిన వాళ్ళ చేతికే చెరుగుతుంది. రాసినవాళ్ళకి మాత్రం అర్థం తెలిసినా చెరగదు. అందుకే ఇంటికెళ్ళే తొందరలో శనివారాల్లో ఎవరూ కష్టమైన మాటలు రాయరు. ఊళ్ళో బేకరీ నడిపే ఆయన చిన్నప్పుడు అక్కడే చదువుకున్నాడు. తనే తుడుస్తానని ఆయన మొండికేయడంతో ‘బాష్పీభవనం’ వారమంతా బోర్డు దిగలేదు.

ఇప్పుడాయన తల్లిదండ్రుల సంఘానికి పెద్ద. ఆ సాయంత్రం అదే గదిలో మీటింగు పెట్టించాడు. లెక్కల టీచర్ ట్రాన్స్ మహిళ. వచ్చే ఏడాదికి ఆమె వద్దని తీర్మానం చేయించాలని ఆయన పట్టుదల. ఆమెకేమో ఆ ఉద్యోగమే ఆధారం.

తీర్మానం రాద్దామని లేచాడు. బోర్డు నిండా ఒకటే మాట ఉంది: ట్రాన్స్‌ఫోబియా.

“ఎవరు రాశారిది?”

“నేనేనండి,” అంది టీచర్ చివరి బెంచీలోంచి. “పిల్లలు టీవీలో విని అడిగారు. చెప్పాను. చెరగలేదు.”

హెడ్‌మిస్ట్రెస్ నవ్వింది. “క్లాసంతా వరసపెట్టి తుడిచింది పాపం. ‘ట్రాన్స్ వాళ్ళంటే గిట్టకపోవడం’ అని గడగడా అప్పజెప్తారు. మా టీచరంటే ఎందుకు గిట్టదో మాత్రం ఒక్కళ్ళకీ అర్థం కావట్లేదు.”

చిన్న బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్న తల్లిదండ్రులు కిసుక్కుమన్నారు. బేకరీ ఆయనకి ఉక్రోషం వచ్చింది. డస్టర్ తీసుకుని రుద్దాడు. ఒక్క అక్షరం కదల్లేదు.

“ఫోబియా అంటే భయం. నిప్పుల ముందు పెరిగినవాణ్ణి, నాకేం భయం? ఈ మాటకీ నాకూ సంబంధం లేదు.”

“భయమే అక్కర్లేదండి,” అంది టీచర్ నెమ్మదిగా. “అద్దెకి ఇల్లడిగితే తలుపేసుకోవడం, వెనకాల వెకిలిగా నవ్వడం, పనిలోంచి తీసెయ్యమనడం… మేం ట్రాన్స్ అన్న ఒక్క కారణానికి చేస్తే, అన్నిటికీ ఆ మాటే వాడతారు.”

“అయ్యో, మీ మీద నాకు కోపమేంటమ్మా!” ఆయన రుద్దుతూనే ఉన్నాడు. “మా అమ్మాయి భిన్నాలంటే ఏడ్చేది. ఇప్పుడు కేకు ముక్కలు కోస్తూ నాకే పాఠం చెప్తోంది. అంతా మీ చలవే. మీరు ఏనాడూ ఆలస్యంగా రాలేదు, ఏ పిల్లాణ్ణీ కసరలేదు. అయినా…”

“అయినా?” అంది హెడ్‌మిస్ట్రెస్.

ఆ తర్వాత చెప్పాల్సిన ముక్క కోసం ఆయన వెతుక్కున్నాడు. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు నాలుక మీదే ఉంది. ఎంత తడుముకున్నా అక్కడేమీ తగల్లేదు. ఏమీ లేనిదాన్ని పట్టుకుని ఒక మనిషి ఉద్యోగానికి ఎసరు పెట్టడానికి వచ్చానా అని సిగ్గేసింది. చెయ్యి మాత్రం దాని మానాన అది బోర్డు మీద ఇంకోసారి ఆడింది.

మాట మొత్తం చెరిగిపోయింది.

అందరూ చూశారు. ఏం జరిగిందో ఆ గదిలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. పాఠం వచ్చిన పిల్లాడికి కొట్టినట్టే హెడ్‌మిస్ట్రెస్ చప్పట్లు మొదలెట్టింది. బెంచీలన్నీ అందుకున్నాయి. బేకరీ ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు.

“తప్పయిపోయిందమ్మా,” అన్నాడు టీచర్‌తో. ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. పొద్దుణ్ణించీ గుండెల్లో ఉన్న బరువు దిగిపోయింది.

“సరే, తీర్మానం కానివ్వండి మరి,” అంది హెడ్‌మిస్ట్రెస్.

ఆయన సుద్దముక్క తీసుకుని పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు: ‘లెక్కల టీచర్ గారు వచ్చే ఏడాది కూడా మాకే కావాలి.’

“ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి.”

అందరికంటే ముందు ఆయన చెయ్యే లేచింది, డస్టర్‌తో సహా.