తనంతట తాను తింటాడు

"మధ్యాహ్నానికి గిన్నెలో కలిపి బల్ల మీద పెట్టి వెళ్తే చాలు కదా, ఆయమ్మా? తినేస్తాడు కదా?"

అక్కగారు ఆ మాట ఎంతో సంబరంగా అడిగింది. దొర చొక్కాలు మడతపెడుతున్న ఆయమ్మ చేతులు ఆగిపోయాయి.

దొర అంటే నిజంగా దొరేమీ కాదు. నలభై ఆరేళ్ల మనిషి. మాట రాదు, నడక అంతంతమాత్రం. కుర్చీలో కూర్చుంటే మాత్రం వెన్ను నిటారుగా పెట్టి, ఎదుటివాళ్లందరూ తనకి అర్జీలు ఇచ్చుకోవడానికి వచ్చినట్టు చూస్తాడు. అందుకని ఆ పేరు పడింది. తొమ్మిదో ఏట తండ్రి తెచ్చి ఈ సర్కారు హోములో వదిలి వెళ్లాడు. తల్లిదండ్రులు పోయాక అక్కగారు నెలకోసారి వచ్చి చూసిపోయేది. దర్జీ పని చేసుకునే మనిషి. వచ్చినప్పుడల్లా కొత్త చొక్కా కుట్టి తెచ్చేది, దాన్ని వేరే ఎవరో వేసుకు తిరుగుతుంటే చూసి మండిపడేది.

ఈ హోము మూసెయ్యాలని నినాదాలు చేస్తూ వీధుల్లో నడిచినవాళ్లలో ఆవిడ ముందు వరసలో ఉంది. ఆవిడ తప్పేమీ లేదు. ఒక్క హాల్లో నలభై మంచాలు, ముగ్గురు ఆయమ్మలు, వరసలో నిలబెట్టి గొట్టంతో స్నానాలు. అలాంటి చోటు మూతపడితే ఏడ్చేదెవరు? ఆయమ్మలు ఏడ్చారు, అది వేరే సంగతి. వాళ్లు వీధుల్లో నడవలేదు కానీ అర్జీల మీద అర్జీలు పెట్టారు. వీళ్లు బయట బతకలేరని, చచ్చిపోతారని రాశారు. అలా రాసి రాసి ఆ మాటకి విలువ లేకుండా చేసుకున్నారు.

"ఏంటి ఆయమ్మా, పలకవు?" అంది అక్కగారు. "ఫైల్లో అదే ఉందిగా. తనంతట తాను తింటాడు అని. అది చూసే కదా ఇంటికి పంపడానికి ఒప్పుకున్నారు. నేను పొద్దున కొట్టు తీస్తే మళ్లీ సాయంత్రమే వచ్చేది. రోజంతా వాడొక్కడే ఉండాలి మరి."

ఫైల్లో అలా ఉన్న మాట నిజమే. రిజిస్టరులో ఆ గడిలో టిక్కు పెట్టింది తనే. ఒక రోజు కాదు, ఇరవై రెండేళ్ల పాటు రోజుకి మూడు పూటలా పెట్టింది.

ఎందుకు పెట్టిందో చెప్పాలంటే పాటగాడి సంగతి చెప్పాలి. ఆయమ్మ పనిలో చేరిన కొత్తలో ఆ హాల్లో ఓ ముసలాయన ఉండేవాడు. పొద్దస్తమానం ఏదో కూనిరాగం తీసేవాడు. ఆయన రిజిస్టరులో 'తినిపించాలి' అన్న గడిలో టిక్కు పెట్టారు. అది నిజం కూడా. కానీ నలభై మందికి ముగ్గురు ఆయమ్మలుంటే తినిపించేదెవరు? అందుకని పైవాళ్లు ఓ పద్ధతి పెట్టారు. తినిపించాల్సిన వాళ్లని పెద్దాసుపత్రికి పంపేస్తారు, అక్కడ ముక్కులో గొట్టం వేస్తారు, గొట్టం పీక్కోకుండా రెండు చేతులూ మంచానికి కట్టేస్తారు. పాటగాడు వారంలో పాట మానేశాడు. రెండు నెలల్లో ప్రాణం మానేశాడు. ఆ రోజు నుంచి ఆయమ్మలు ముగ్గురూ ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకోకుండానే ఒక నిర్ణయానికి వచ్చారు. ఆ హాల్లో అందరూ తమంతట తాము తినేవాళ్లే. కాగితం మీద.

తనిఖీకి ఎవరైనా వస్తే ఆయమ్మ దొర చేతిలో చెంచా పెట్టి, ఆ చేతి మీద తన చెయ్యి వేసేది. గుమ్మంలోంచి తొంగిచూసి పోయే పెద్దమనుషులకి అంతకన్నా ఏం కనబడుతుంది?

ఇప్పుడు ఆ టిక్కు దొరని ఇంటికి పంపిస్తోంది. గిన్నె ముందు ఒంటరిగా కూర్చోబెట్టబోతోంది. మొదటి రోజే పొలమారి పోతాడు.

"ఆయన తినలేడమ్మా," అంది చివరికి. "తినిపించాలి. లేకపోతే గొంతులో అడ్డం పడుతుంది."

అక్కగారి ముఖంలో సంబరం ఎగిరిపోయింది. ఆ స్థానంలో వచ్చింది భయం కాదు, కోపం. "మళ్లీ మొదలెట్టారా? ఇంకో అరగంటలో తీసుకెళ్తున్నానని ఇప్పుడు గుర్తొచ్చిందా? నువ్వు వాణ్ణి వదల్లేకపోతున్నావు. అంతే."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఎందుకంటే అందులో సగం నిజం. కానీ మిగతా సగం కూడా నిజమేనని ఎలా చెప్పడం? ఆయమ్మ హాలు చివర బల్ల దగ్గరికి నడిచింది. అక్కగారు చరచరా వెనకే వచ్చింది.

బల్ల దగ్గర ఆఫీసరమ్మ ఉంది. హోము మూసేస్తున్నారు కదా, ఎవరు ఎక్కడికి వెళ్లాలో తేల్చే పని ఆవిడది. ముప్ఫై దాటి ఉండవు, నిద్ర చాలని కళ్లు. ఆఫీసరు కదా, మనిషి కన్నా కాగితం మీద గురి ఎక్కువ. చెడ్డమనిషి మాత్రం కాదు.

ఆయమ్మ చెప్పిందంతా విని ఆవిడ కలం కింద పెట్టింది. "నెల రోజులుగా మీ ముగ్గురిలో ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి చెప్తూనే ఉన్నారు. ఒకావిడ మూర్ఛలంది. ఒకావిడ పారిపోతాడంది. కనుక్కుంటే ఒక్కటీ నిజం కాదు. ఉద్యోగాల బెంగ నాకు అర్థమవుతుంది, ఆయమ్మా. కానీ ఇది మీ సంతకమే కదా?"

"నాదే మేడమ్. అబద్ధం రాశాను."

"ఇరవై రెండేళ్ల రాతని నమ్మాలా, ఇవాళ్టి మాటని నమ్మాలా?"

"మాటనే నమ్మండి."

"అబద్ధం రాశానని ఒప్పుకున్న మనిషి మాటనా?"

ఆయమ్మకి తన మీద తనకే కోపం వచ్చింది. అక్కగారు చేతులు కట్టుకుని కిటికీ వైపు తిరిగింది. హాలు అప్పటికే సగం పైగా ఖాళీ. పరుపులు తీసేసిన ఇనుప మంచాలు బోసిగా ఉన్నాయి.

"సరే," అంది ఆఫీసరమ్మ గడియారం చూసి. పదకొండు పావు. "గిన్నె తెప్పించండి. నేను చూస్తాను. మీరు మాత్రం ముట్టుకోకూడదు."

ఇలాంటి పరీక్ష ఎవరికీ వద్దు. దొర బాగా తింటే ఆయమ్మ అబద్ధాలకోరు, రేపో ఎల్లుండో దొర ప్రాణం పోతుంది. తినలేకపోతే ఇక్కడే, కళ్ల ముందే ఆ గండం. అయినా వేరే దారి లేదు. కూరగాయలతో మెత్తగా మెదిపిన అన్నం వంటగదిలోంచి తెచ్చి దొర ముందు పెట్టింది. చెంచా ఆయన చేతిలో పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది.

దొర ఆయమ్మ వైపు చూశాడు. ఆమె రాలేదు. మళ్లీ చూశాడు. తర్వాత తనే చెంచా నింపుకుని నోట్లో పెట్టుకున్నాడు. మింగాడు. రెండోది కూడా మింగాడు. అక్కగారు ఇటు తిరిగింది. పెదవుల మీదకి గెలిచిన నవ్వు వచ్చింది. ఆఫీసరమ్మ కలం అందుకుంది.

మూడో చెంచా కొండలా నింపాడు. అది నోట్లో ఉండగానే నాలుగోది వేశాడు. ఆయమ్మ చేతులు వాటంతటవే లేచాయి. "ముట్టుకోవద్దన్నాను," అంది ఆఫీసరమ్మ. అంతలో దొర నిటారు వెన్ను ఒక్కసారిగా వంగిపోయింది. దగ్గు రాలేదు. అదే భయం. దగ్గు వస్తే గాలి ఆడుతున్నట్టు. నోరు తెరుచుకుంది, చప్పుడు లేదు, ముఖం ఎర్రబడి తర్వాత నల్లబడటం మొదలెట్టింది.

ఆయమ్మ ఎవరి మాటా వినలేదు. ఒక్క ఉదుటున వెళ్లి ఆయన్ని ముందుకి వంచి, ఛాతీ కింద ఒక చెయ్యి వేసి, రెండో అరచేతి మొదలుతో భుజాల మధ్య గట్టిగా చరిచింది. ఒకటి. రెండు. మూడు. "దగ్గు నాన్నా, దగ్గు!" నాలుగో దెబ్బకి ముద్ద నేల మీద పడింది. దొర పెద్దగా గాలి పీల్చి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అక్కగారు తమ్ముడి పక్కన నేల మీద కూర్చుని అతని మూతి తుడిచింది.

ఆఫీసరమ్మ ఫైలు ముందుకి లాక్కుంది. పాపం, కాగితం మీద ఇలాంటివి చప్పుడు చెయ్యవు. "తినిపించాలి అని రాయాల్సిందే," అంది. "అలా రాస్తే పగలు మనిషి తోడు లేని ఇంటికి పంపడం కుదరదు. పెద్దాసుపత్రికే రాయాలి."

"గొట్టం వేస్తారు," అంది ఆయమ్మ.

"వేస్తారు."

అక్కగారు లేచి నిలబడింది. ఆయమ్మ వైపు తిరిగి కొడుతుందేమో అన్నట్టు చూసింది. "ఇన్నేళ్లు ప్రతి నెలా వచ్చానే! ఒక్కసారైనా చెప్పావా నాకు? నా తమ్ముడు ఎలా తింటాడో నాకు తెలియనిచ్చావా నువ్వు?"

"లేదమ్మా. తప్పు నాదే."

"నీదే." కళ్లు తుడుచుకుని ఆఫీసరమ్మతో అంది. "నేను తినిపిస్తాను. రాసుకోండి."

"కొట్టు వదిలి ఎలా ఉంటారు?"

"మిషను ఇంట్లో వేసుకుంటాను. గుడ్డ కుట్టడానికి వీధి అక్కర్లేదు."

ఆఫీసరమ్మ కలం మళ్లీ కింద పెట్టింది. "అయితే నా ముందు గిన్నె మొత్తం తినిపించండి. ఆయమ్మ పక్కన ఉండకూడదు. మాట సాయం కూడా చెయ్యకూడదు. నాకు నమ్మకం కలిగితే ఇంటికి రాస్తాను."

"అరగంట ఆగాలి," అంది ఆయమ్మ. "ఆయన గొంతు కుదుటపడాలి. ఈవిడకి నేను నేర్పాలి."

నేర్పడం కూడా ఎలా నేర్పింది! అక్కగారిని కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించి, గడ్డం కింద బొటనవేలు ఆనించి, అన్నం అరచెంచా తీసి ఆవిడ నోట్లోనే పెట్టింది. "మింగమ్మా. గొంతులో ముడి పైకి లేచిందా? ఇప్పుడు మీకు అయిపోయింది. ఆయనకి అవ్వదు. సగం అక్కడే ఉంటుంది. రెండోసారి లేవాలి. అప్పటిదాకా చెంచా ఎత్తకూడదు. ఎంతసేపైనా సరే." యాభై దాటిన ఆ అక్కగారు బుద్ధిగా నోరు తెరిచింది, మింగింది, తన గొంతు తనే తడిమి చూసుకుంది. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి పీకల దాకా కోపం ఉంది. పని మాత్రం సాగింది.

పన్నెండింటికి వేడి గిన్నె వచ్చింది. ఆయమ్మ గుమ్మం దగ్గరికి వెళ్లి, చేతులు వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది.

మొదటి చెంచా బాగానే సాగింది. రెండోది కూడా. మూడోదానికి అక్కగారు తొందరపడింది. భయంతో చేసే పని అలాగే ఉంటుంది. గొంతు ఒక్కసారే లేచింది, చెంచా అప్పుడే పెదవుల దాకా వెళ్లిపోయింది. ఆయమ్మ నోటి దాకా వచ్చిన మాట మింగేసింది. ఆగమ్మా, ఆగు. ఒక్క మాట అంటే పెద్దాసుపత్రే.

దొర చెయ్యి లేచింది. అక్క మణికట్టు పట్టుకుని, చెంచాని అక్కడే ఆపాడు. నింపాదిగా రెండోసారి మింగాడు. తర్వాత మణికట్టు వదిలి నోరు తెరిచాడు.

ఇరవై రెండేళ్లలో ఆయన ఆయమ్మ చేతిని అలా ఎప్పుడూ ఆపలేదు. ఆపగలడని ఆమెకి తెలియదు. అంత అవసరం ఎప్పుడూ రానివ్వలేదు మరి. కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమే, కాదనను. కానీ కుళ్లు కూడా ఉంది, అదే ఒక పిసరు ఎక్కువ.

గిన్నె ఖాళీ అయింది. ఆఫీసరమ్మ రాసింది, అక్కగారు సంతకం చేసింది. "ఆయమ్మా, తప్పుడు రాత గురించి పైకి రాయక తప్పదు నాకు," అంది ఆఫీసరమ్మ, మెత్తగానే. "ఈయన ఒక్కడి వరకే రాస్తాను. ఇక వెళ్లండి."

ఆ మాటతో బయటపడొచ్చు. ఆయమ్మ కదల్లేదు. నిజంగా తినగలిగినవాళ్లు ముందే వెళ్లారు. పొద్దున ఎనిమిదింటి వ్యానులో నలుగురు వెళ్లిపోయారు, హోము బదులు సర్కారు తెరిచిన చిన్న ఇళ్లకి, తలా ఒకదానికి. అక్కడ కొత్త ఆయాలుంటారు, చూసుకుంటారులే అని తనకి తనే సర్దిచెప్పుకుని, బట్టలు మూటకట్టి ఎక్కించింది. కానీ నల్లబడిన ఆ ముఖం చూశాక సర్దుబాటు మాటలు పనిచెయ్యడం లేదు. కొత్త ఇళ్లలో భోజనం పన్నెండున్నరకి. గడియారం పన్నెండు ఇరవై చూపిస్తోంది.

"ఒక్కడు కాదు మేడమ్," అంది. "పొద్దున వెళ్లిన నలుగురూ ఇంతే. ముగ్గురివి నా సంతకాలే. నాలుగోది ఇంకో ఆయమ్మది, అది కూడా నాకు తెలిసే పెట్టింది."

ఆఫీసరమ్మ గడియారం వైపు చూసింది. ఇంకేమీ అడగకుండా ఫోను లాక్కుని, కాగితం మీద మొదటి నంబరు నొక్కి, ఫోను ఆయమ్మ చేతిలో పెట్టింది. మొదటి ఇంట్లో ఇంకా వడ్డించలేదు. రెండో ఇంట్లోనూ లేదు. మూడో ఇంట్లో ఓ పెద్దావిడ తనే తినిపిస్తానని మాటిచ్చింది. నాలుగో నంబరు మోగింది. మోగుతూనే ఉంది. అక్కగారు తమ్ముడి భుజం పట్టుకుని నిలబడిపోయింది, వెళ్లడం మర్చిపోయి.

అవతల ఎవరో ఎత్తారు. చిన్న వయసు గొంతు, హడావిడిగా ఉంది. "ఎవరండీ? భోజనాల టైము, తర్వాత చెయ్యండి."

"అమ్మాయ్, పెట్టెయ్యకు," అంది ఆయమ్మ. "పొద్దున వచ్చినాయన చేతిలో చెంచా ఉందా? ముందు అది తీసెయ్. ముందు తీసెయ్ తల్లీ, ఎందుకో తర్వాత చెప్తాను."