ఎర్రపిల్లల కింది తల్లి

ఇది ఉప్పెన మరుసటి ఏడు మాట. ఉప్పెన గాలికి మా కొల్లేటి గట్టున కూడా తాటిచెట్లు విరిగాయి. ఒక మొద్దు మా తమ్ముడు సూరయ్య నుదుటిని కొట్టింది. బతికాడు. రెండు నెలలకు మళ్లీ దోనె ఎక్కి చేపలకు పోయాడు. బాగుపడ్డాడనుకున్నాం.

వానలకు కొల్లేరు నిండింది. కొర్రమీను పిల్లలు పెట్టే కాలం. పిల్లలు ఎర్రగా, కుంకుమ చల్లినట్టు గుంపుగా నీటి మీద తేలతాయి. తల్లి ఆ గుంపు కిందే కాపలా ఉంటుంది, ఎటూ పోదు. గాలం వేస్తే ఎవరికైనా దొరుకుతుంది. అందుకే మాలో ఎవరూ వెయ్యరు. తల్లి పోతే పిల్లల్ని మిగతా చేపలు పూటలో తినేస్తాయి. ఈ కట్టుబాటును ఊళ్లో అందరికంటే గట్టిగా పట్టింది సూరయ్యే. ఎవరైనా గాలం వేస్తే లాక్కుని విరిచేవాడు.

ఆ ఏడు వాడే వేశాడు. ఒక్కరోజే నాలుగు తల్లుల్ని తెచ్చాడు.

కులపెద్దలు కూర్చున్నారు. పెద్ద కాశీరావు అడిగాడు.

"ఏరా సూరయ్యా, తప్పని తెలవదా?"

"తెలుసు బాబాయ్. తప్పే."

"మరెందుకు పట్టావ్?"

"కనపడింది. పట్టాను."

"దెబ్బ తగిలింది తలకి కాదు, సిగ్గుకి" అన్నారెవరో. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

నేను లేచి వాడి చెంప మీద కొట్టాను. నా చేతుల మీద పెరిగినవాడు. "కొట్టన్నా, కొట్టాల్సిందే" అన్నాడు. మర్నాడు ఇంకో తల్లిని తెచ్చాడు. ఇంకొక్కటి పట్టాడంటే కొల్లేట్లో దిగనిచ్చేది లేదని పెద్దలు తేల్చేశారు. వాడికి ఆ నీళ్లు తప్ప వేరే పని తెలియదు.

"దెబ్బ తగిలాకే ఇలా అయ్యాడు, బెజవాడలో చూపిద్దాం బావగారూ" అని వాడి పెళ్లాం పేరమ్మ పట్టుబట్టింది. ముగ్గురం వెళ్లాం.

అక్కడి డాక్టరు పూర్ణచంద్రరావు గారు వాడి ముందు బిస్కెట్లు పెట్టి, తను చెప్పేదాకా తినొద్దన్నారు. "తినకూడదు కదండీ" అంటూనే సూరయ్య నోట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

డాక్టరు గారు తన నుదురు ముట్టుకుని చూపించారు.

"తప్పేదో ఆయనకి తెలుసండీ. చేతిని ఆపే మెదడు భాగం ఇక్కడుంటుంది. అది దెబ్బతింది."

"మందుందా అండీ?"

"లేదండీ. పక్కనున్నవాళ్లే ఆపాలి."

తిరుగు బస్సులో వాడు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. నేను కొట్టిన చెంప నా వైపే ఉంది. ఏలూరు దాకా చూస్తూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున నా దోనెను గట్టునే వదిలి, వాడి దోనె ఎక్కాను. తుంగ పక్కన ఎర్రపిల్లలు తేలాయి. వాడి చెయ్యి గాలం మీదికి పోయింది. నేను రోజంతటికీ నాలుగు మాటలు మాట్లాడే మనిషిని.

"వద్దురా సూరీ" అన్నాను.

చెయ్యి ఆగింది, కానీ గాలాన్ని వదల్లేదు.

"మళ్లీ అను అన్నా" అన్నాడు.

అన్నాను. ఆ గుంపు దాటేదాకా అంటూనే తెడ్డు వేశాను.